కొత్త పైథాన్ ప్రాజెక్ట్‌కి టెంప్లేట్: తమ్ముడికి ఉత్తరం

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. పాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని కాపీ కొట్టి, పేర్లు మార్చుకుని కొత్తది మొదలుపెడతానని రాశావు. వద్దురా. పాత పేరు ఏదో ఒక ఫైల్లో మిగిలిపోతుంది, అక్కర్లేని లైబ్రరీలు వెంట వస్తాయి, ఒక్కోసారి పాస్‌వర్డులున్న డాట్ ఎన్వ్ ఫైలు కూడా వచ్చేస్తుంది. ఎలాగూ నాలుగైదు సర్వీసులు రాయాలి కాబట్టి టెంప్లేట్ టూల్ పెట్టుకో, అంటే ఒక మూస నుంచి కొత్త ప్రాజెక్ట్ ఫైళ్లు తయారుచేసేది.

వాటిలో కుకీకట్టర్ అనేది 2013 నుంచీ ఉంది, దానికి రెడీమేడ్ టెంప్లేట్లు బోలెడు. కానీ ఒకసారి ఫైళ్లు తయారుచేశాక దాని పని అయిపోయినట్టే. తర్వాత టెంప్లేట్‌లో చేసిన మార్పులు ప్రాజెక్ట్‌లోకి రావాలంటే క్రఫ్ట్ లాంటి ఇంకో టూల్ తోడు కావాలి. కాపియర్ అనే టూల్‌లోనైతే ఈ అప్‌డేట్ అందులోనే ఉంది. నీ పనికి అదే సరి. దాన్ని పిప్‌ఎక్స్‌తోనో యూవీ టూల్‌తోనో (పైథాన్ టూల్స్‌ని విడిగా పెట్టేవి) ఇన్‌స్టాల్ చెయ్యి, ప్రాజెక్ట్ లైబ్రరీలుండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో కాదు.

టెంప్లేట్‌కి వేరే గిట్ రిపో ఉండాలి. పైన కాపియర్ వైఎంఎల్ (copier.yml) అనే సెట్టింగ్స్ ఫైలు, అందులో ప్రాజెక్ట్ తయారుచేసేటప్పుడు అడిగే ప్రశ్నలు. అసలు ఫైళ్లన్నీ ఒక సబ్‌ఫోల్డర్‌లో పెట్టి, దాని పేరు సబ్‌డైరెక్టరీ సెట్టింగ్‌లో చెప్పు. జింజా అంటే ఖాళీల్లో జవాబులు నింపే టెంప్లేట్ భాష. పేరు చివర డాట్ జింజా (.jinja) ఉన్న ఫైళ్లలోనే విలువలు నిండుతాయి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు కాపీ అవుతాయి. ప్రశ్నలు ఐదారు మించనీకు. ప్యాకేజీ పేరుకి మాత్రం వ్యాలిడేటర్ (జవాబు సరిగ్గా ఉందో చూసే నియమం) తప్పకుండా రాయి: చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే, మొదటిది అక్షరమే కావాలి. హైఫన్ ఉంటే ఇంపోర్ట్ లైన్‌లో పైథాన్ దాన్ని మైనస్ అనుకుని సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. ఈమెయిల్, జేసన్ లాంటి స్టాండర్డ్ లైబ్రరీ పేర్లు కూడా వద్దు.

కోడ్‌ని ఎస్ఆర్‌సీ (src) ఫోల్డర్ లోపలే ఉంచు. లేకపోతే టెస్టులు ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని కాకుండా ఎదురుగా ఉన్న ఫోల్డర్‌నే ఇంపోర్ట్ చేసుకుంటాయి. ప్యాకేజీలో ఒక ఫైలు చేరకపోయినా నీ మెషీన్‌లో అన్నీ పాస్ అవుతాయి, సర్వర్ మీద పగులుతుంది.

చాలామంది ఇరుక్కునేది గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్‌లో టెస్టుల్లాంటివి దానంతట నడిపేది) ఫైలు దగ్గర. దానికీ జింజాకీ డబుల్ కర్లీ బ్రాకెట్లే గుర్తు. ఆ బ్రాకెట్లలో గిట్‌హబ్ వాడే మ్యాట్రిక్స్ అనో సీక్రెట్స్ అనో కనబడగానే జింజా అది తన వేరియబుల్ అనుకుని, దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఫైల్లో నింపాల్సిందేమీ లేకపోతే డాట్ జింజా తీసెయ్యి. ఉంటే, గిట్‌హబ్ బ్రాకెట్లున్న ముక్క వరకు జింజా ముట్టుకోకుండా రా (raw), ఎండ్‌రా (endraw) అనే జింజా ట్యాగుల మధ్య పెట్టు. అక్కడే ఇంకొకటి: పైథాన్ వెర్షన్ 3.10 ని కోట్స్‌లో రాయి. లేదంటే వైఎంఎల్ దాన్ని సంఖ్యగా చదివి 3.1 చేస్తుంది.

ఇక అప్‌డేట్. ఇది మొదటిరోజే కుదరాలి, తర్వాత అతికించడం కష్టం. నువ్విచ్చిన జవాబులు, టెంప్లేట్ ఏ వెర్షన్‌దన్నదీ కాపియర్ ఆన్సర్స్ ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలు దానంతట అది రాదు, దాన్ని పుట్టించే జింజా ఫైలు టెంప్లేట్‌లో నువ్వే పెట్టాలి. వచ్చాక గిట్‌లో కమిట్ చెయ్యి, చేత్తో మాత్రం దిద్దకు. దిద్దితే అప్‌డేట్ లెక్క తప్పుతుంది. జవాబు మార్చాలంటే అప్‌డేట్ నడిపి మార్చు.

ప్రాజెక్ట్ పుట్టగానే, ఒక్క లైను కోడ్ కూడా రాయకముందే గిట్ ఇనిట్ చేసి కమిట్ కొట్టు. కమిట్ చెయ్యని మార్పులుంటే కాపియర్ అప్‌డేట్‌కి ఒప్పుకోదు. టెంప్లేట్ మార్చిన ప్రతిసారీ గిట్‌లో ట్యాగ్ (వెర్షన్ పేరు) వెయ్యి. మామూలుగా కాపియర్ చివరి ట్యాగ్‌నే తీసుకుంటుంది, ట్యాగ్ మరిచిపోతే నీ మార్పు ఎక్కడికీ చేరదు. రెండువైపులా మారిన లైన్లుంటే గిట్ మెర్జ్‌లో లాగే కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు వస్తాయి, తీరిగ్గా సరిచేసుకో.

వేరేవాళ్ల టెంప్లేట్‌లో టాస్కులుంటే, ట్రస్ట్ ఆప్షన్ ఇస్తేగాని కాపియర్ నడపదు. ఆ టాస్కులు నీ మెషీన్ మీద నడిచే కమాండ్లు. చదవకుండా ట్రస్ట్ ఇవ్వకు.

ట్యాగ్ వేసేముందు ప్రతిసారీ ఖాళీ ఫోల్డర్‌లో కొత్త ప్రాజెక్ట్ తయారుచేసి, ఇన్‌స్టాల్ చేసి, పైటెస్ట్‌తో టెస్టులు నడిపించు. ఎక్కడైనా ఆగితే ఆన్సర్స్ ఫైలూ ఎర్రర్ మొత్తమూ పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
అన్నయ్య