ఏ యాప్ అన్నది తర్వాత, ముందు ఎవరి పేరు మీదో చూద్దామండి

రాజోలు దగ్గర్నుంచి ఒకావిడ రాశారు. వాళ్ళాయన కువైట్‌లో డ్రైవరు, ఖర్చులు పోను ఓ 2 లక్షలు పక్కన పడ్డాయి, ఇకమీదట నెలకి 10 వేలు షేర్లలో పెడదామనుకుంటున్నారు. ఆయన వెళ్ళకముందు తెరిచిన డీమ్యాట్, అంటే షేర్లు ఉంచే ఖాతా, ఒకటుంది, ఓటీపీ ఆయన ఫోన్లో చెప్తే ఈవిడ ఇక్కణ్ణుంచి కొనొచ్చా, లేకపోతే జెరోధా, గ్రో, ఏంజెల్ వన్, బ్యాంకు వాళ్ళది, షేర్లు కొనిపెట్టే ఈ బ్రోకర్లలో ఏది మంచిది, అమలాపురంలో తెలిసినాయన ఒకరు మా దగ్గర తెరవండి అన్నీ నేనే చూసుకుంటా అంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు.

అమ్మా, ముందు ఆ పాత డీమ్యాట్ జోలికి వెళ్ళకండి. ఆయన గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి రూల్ ప్రకారం ఎన్నారై కింద లెక్క, ఇక్కడున్న మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే ఎన్నారైలు ఇక్కడ ఉంచుకునే రూపాయల ఖాతాగా, మార్పించుకోవాలి, డీమ్యాట్ కూడా అంతే. మన కోనసీమలో గల్ఫ్ ఇళ్ళల్లో చాలామంది ఈ పని చెయ్యరు, ఎవరూ అడగట్లేదు కదా అని ఊరుకుంటారు, తీరా అమ్మి డబ్బు తీసుకునేటప్పుడు కేవైసీ దగ్గర ఆగిపోతుంది. పైగా ఆయన ఓటీపీతో మీరు ఆర్డర్లు పెట్టడం అసలు పద్ధతే కాదు. ఆయన పేరునే చెయ్యాలంటే ఎన్నారై ఖాతా తెరవాలి, దానికి కాగితాలు ఎక్కువ, చాలా చోట్ల జీరో బ్రోకరేజ్, అంటే బ్రోకర్‌కి కమిషన్ లేకపోవడం, అన్నది దానికి వర్తించదు, ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మెయ్యడం, కుదరదు. కుదరకపోవడమే మంచిదనుకోండి.

అంచేత మీ పేరున తెరవండి. ఆయన మీ ఖాతాకి పంపిస్తారు, మీ ఖాతా నుంచి బ్రోకర్‌కి వెళ్తుంది, వేరేవాళ్ళ బ్యాంకు ఖాతా నుంచి డబ్బు వేస్తే బ్రోకర్ తీసుకోడు. ఒక్క మెలిక ఉంది, భర్త ఇచ్చిన డబ్బు మీద భార్యకి వచ్చిన లాభాన్ని భర్త ఆదాయంలో కలిపి లెక్కేస్తారు, క్లబ్బింగ్ అంటారు. షేర్లు ఏడాది దాటాక అమ్మితే సంవత్సరానికి 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం, ఏడాది లోపే అమ్మితే 20 శాతం. మీ మొత్తానికి ఇప్పుడప్పుడే భయపడేదేం లేదు గానీ రిటర్న్ వేసే ఆడిటర్‌కి ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇప్పుడు బ్రోకర్ల సంగతి. అందరూ బ్రోకరేజ్ ఒక్కటే చూస్తారు, నిజానికి బిల్లులో కొన్ని ఎవరి దగ్గర కొన్నా ఒకటే. 10 వేల షేర్లు కొంటే ఎస్టీటీ అనే లావాదేవీ పన్ను 10 రూపాయలు, స్టాంప్ డ్యూటీ రూపాయిన్నర, ఇవి ప్రభుత్వానివి. ఎక్స్‌చేంజ్ చార్జీ కూడా 2024 అక్టోబర్ నుంచి అందరికీ ఒకే రేటు. తేడా వచ్చేది బ్రోకరేజ్‌లోనే. జెరోధాలో డెలివరీకి, అంటే కొని ఉంచుకునేదానికి, సున్నా. గ్రో, ఏంజెల్ వన్‌లో 0.1 శాతం లేదా 20 రూపాయలు, ఏది తక్కువైతే అది, మీ 10 వేలకి 10 రూపాయలు, జీఎస్టీతో 11.80. ఏడాదంతా కలిపితే 140 చిల్లర. మరీ చిన్న ఆర్డర్లయితే కనీస చార్జీ ఉంటుంది కాబట్టి 10 వేలని అయిదారు ముక్కలు చెయ్యకండి. బ్యాంకు వాళ్ళ మామూలు ప్లాన్లలో అర శాతం పైమాటే ఉంటుంది, 0.55 అనుకుంటే నెలకి 65 రూపాయలు, మొదట పెట్టే 2 లక్షలకి ఒక్కదెబ్బకి జీఎస్టీతో 1,298. అదే 2 లక్షలు ఒకే ఆర్డర్‌గా పెడితే 20 రూపాయల వాళ్ళ దగ్గర 23.60. ఇవన్నీ మారుతుంటాయి, తెరిచే రోజున వాళ్ళ చార్జీల పేజీ ఒకసారి చూడండి.

అమ్మేటప్పుడు ఇంకోటి పడుతుంది, డీపీ చార్జీ, మీ డీమ్యాట్ లోంచి షేర్లు బయటికి వెళ్ళినందుకు. ఎన్ని షేర్లు అమ్మారన్నది కాదు, ఒక కంపెనీవి ఒక రోజున అమ్మితే ఒకసారి, జెరోధాలో జీఎస్టీతో కలిపి 15.34, మిగతావాళ్ళ దగ్గర కొంచెం అటూఇటూ. రోజుకి పదేసి షేర్లు చొప్పున అయిదు రోజులు అమ్మితే అయిదుసార్లు కట్టినట్టు. డీమ్యాట్‌కి ఏడాదికోసారి పడే మెయింటెనెన్స్ చార్జీ సంగతికొస్తే మీకు డీమ్యాట్ ఒక్కటే ఉంటే చిన్న మొత్తాల వాళ్ళకి ఉండే బేసిక్ డీమ్యాట్ కింద 4 లక్షల విలువ దాకా అసలు కట్టక్కర్లేదు, 2024 సెప్టెంబర్ నుంచి షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ పెట్టిన హద్దు అది. ఫ్రీ కదా అని మూడు యాప్‌లలో మూడు తెరిస్తే ఆ లాభం పోతుంది.

నన్నడిగితే మీకు జెరోధా గానీ గ్రో గానీ ఏదైనా ఒకటేనండి, ఏ యాప్ చేతికి తేలిగ్గా ఉంటే అది, 140 రూపాయల కోసం అర్థంకాని యాప్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. తెరిచేముందు మాత్రం ఓ పని చెయ్యండి, మార్కెట్ నడిచే టైములో, అంటే 9.15 నుంచి 3.30 లోపు, వాళ్ళ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడే మనిషి ఎంతసేపటికి దొరుకుతాడో చూడండి. నాకు చార్జీల కన్నా అదే ముఖ్యం.

తర్వాత యాప్‌లో ఎంటీఎఫ్ అని ఒక బటన్ కనబడుతుంది, 10 వేలుంటే 30, 40 వేల షేర్లు కొనుక్కోండి అంటుంది. అది అప్పు. రోజుకి 0.04 శాతమేగా అని చిన్నగా రాస్తారు, ఏడాదికి లెక్కేస్తే 14.6 శాతం, మన లెక్కలో నూటికి నెలకి దాదాపు రూపాయి పావలా వడ్డీ అన్నమాట. చేపల చెరువు మీదకి రూపాయిన్నర వడ్డీకి తెచ్చేటప్పుడు నాలుగుసార్లు ఆలోచిస్తాం, ఫోన్లో బటన్ నొక్కేటప్పుడు అది అప్పని గుర్తే రాదు. ఆప్షన్లు, అంటే షేర్ రేటు ఎటు పోతుందో అని పందెంలా కట్టే ఒప్పందాలు, అసలొద్దు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాలు సెబీ లెక్క తీస్తే ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్లు, ఆప్షన్లలో, విడి ట్రేడర్లు నూటికి 93 మంది నష్టపోయారు. ఖాతా తెరిచేటప్పుడు ఆ సెగ్మెంట్ టిక్ తీసేస్తే సరి.

అమలాపురం ఆయన గురించి. ఆయన మంచివారే అయి ఉండొచ్చు, కానీ "అన్నీ నేనే చూసుకుంటా" అంటే పాస్‌వర్డ్ ఆయన దగ్గరుంటుందని అర్థం, ఎక్కువసార్లు కొని అమ్మితేనే ఆయనకి కమిషన్. కార్వీ అనే బ్రోకర్ గుర్తుందిగా, మన హైదరాబాద్ కంపెనీయే, 2019లో క్లయింట్ల షేర్లని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని సెబీ చర్య తీసుకుంది. షేర్లు బ్రోకర్ దగ్గర ఉండవు, షేర్ల లెక్క భద్రంగా ఉంచే సంస్థలైన సీడీఎస్ఎల్‌లోనో ఎన్ఎస్‌డీఎల్‌లోనో మీ పేరున ఉంటాయి, నెలనెలా వాళ్ళ స్టేట్‌మెంట్ మీ మెయిల్‌కి నేరుగా వస్తుంది, బ్రోకర్ యాప్‌లో చూపించే సంఖ్యతో అది సరిపోయిందా లేదా మీరే చూసుకోవాలి. డబ్బు ఆయన సొంత ఖాతాకో ఫోన్‌పే నంబర్‌కో వెయ్యమంటే అక్కడికక్కడే ఆపేయండి. వాట్సాప్ గ్రూపులో టిప్స్ ఇస్తాం అనేవాళ్ళూ అంతే, ఒకవేళ పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ కొట్టండి.

ఫారం నింపేటప్పుడు నామినీ దగ్గర స్కిప్ నొక్కకండి. మీ ఆయన పేరు రాయొచ్చు, పిల్లల పేరు రాస్తే వాళ్ళు మైనర్లయితే గార్డియన్ ఎవరో కూడా రాయాలి, అది ఇప్పుడే ఇద్దరూ మాట్లాడుకుని మరీ నింపండి.