టెక్సస్‌లో ఆర్మీ బేస్ పక్కన చవక అపార్ట్‌మెంట్: తీసుకోండి, కానీ లీజు చదవండి

అడిగినవారు చదువు కోసం టెక్సస్‌లోని కిలీన్‌కు వస్తున్నారట. అక్కడి ఆర్మీ బేస్ ఫోర్ట్ హుడ్ గేటుకు దగ్గర్లో తక్కువ అద్దెకు అపార్ట్‌మెంట్ దొరికిందట. ఆ చప్పుళ్ళలో, సైనికుల మధ్య ఉండగలమా అని సందేహం. మా ఆయన ఉద్యోగం వల్ల మేం అలాంటి కాంప్లెక్సులోనే కాపురం ఉన్నాం. హాయిగా ఉండొచ్చు. అక్కడ నన్ను ఏడిపించింది ఇళ్ళు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు ఒక్కటే.

ముందుగా ఒక మాట. ఆ బేస్ పేరు 2023లో ఫోర్ట్ కవాజోస్ అని మార్చి, 2025లో మళ్ళీ ఫోర్ట్ హుడ్ చేశారు. ఇళ్ళ ప్రకటనల్లో ఏ పేరు కనిపించినా ఒకటే చోటు.

చప్పుడు నిజమే. ఫిరంగుల ప్రాక్టీసు ఉన్న రోజు కిటికీ అద్దాలు గడగడలాడతాయి, మబ్బు పట్టిన రాత్రి ఇంకా ఎక్కువ. మా అమ్మ ఫోన్లో విని "అక్కడేమైనా యుద్ధం మొదలైందా అమ్మా" అని టెన్షన్ పడేది. కొన్నాళ్ళకు నిద్రలో కూడా వినిపించడం మానేస్తుంది. ఇక సైనికులంటారా, తెల్లవారకముందే పీటీకి వెళ్ళాల్సినవాళ్ళు, మామూలు రోజుల్లో పెందలాడే లైట్లు ఆర్పేస్తారు. శనివారం పాటలు మోగినా తలుపు కొట్టి చెబితే వెంటనే తగ్గించేవారు. అంత మర్యాదస్తులైన ఇరుగుపొరుగు నాకు ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ దొరకలేదు.

అద్దె సంగతి వేరు. సైనికుడి హోదాను, కుటుంబాన్ని, ఊరిని బట్టి ప్రభుత్వం బీఏహెచ్ అనే ఇంటి అలవెన్సు ఇస్తుంది. ఏటా జనవరి 1న రేట్లు మారతాయి. ఆ పట్టిక ఇంటర్నెట్లో ఎవరైనా చూడొచ్చు, ఓనర్లూ చూస్తారు. అక్కడ అద్దెలు తేల్చేది ఆ పట్టికేనని నా గట్టి నమ్మకం. పైగా ఈ సైనికుడు రెండు మూడేళ్ళలో బదిలీ అయిపోతాడు, ఇల్లు బాగుచేయించడం దేనికి అనే ధోరణి. మా సింకు కింద కారే పైపు గురించి ఎన్నిసార్లు చెప్పినా "నోట్ చేసుకున్నాం" అనే మాటే.

మా పై ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది, చేతిలో నెలల పాప. భర్తకు యూరప్‌లో దాదాపు తొమ్మిది నెలల డ్యూటీ పడింది. ఇల్లు ఖాళీ చేసి పుట్టింటికి వెళ్దామనుకుంటే, లీజు మధ్యలో వెళ్ళేవాళ్ళు రెండు నెలల అద్దె కట్టాల్సిందేనన్నారట ఆఫీసువాళ్ళు. పాపను నా ఒళ్ళో పెట్టి, లీజు కాగితాలు మా డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఒక్కో లైను వేలితో చూపిస్తూ "ఇది కట్టాలా, ఇదీ కట్టాలా" అని అడిగింది. ఆర్మీకి లాయర్లు ఉండరా అన్నాను. బేస్‌లోనే లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు ఉంది, సైనికుల కుటుంబాలకు ఉచితం. పక్కింటివాళ్ళెవరూ ఆ మాట ఆమెకు చెప్పలేదు!

అక్కడ చెప్పింది స్పష్టంగా ఉంది. సైనికుల రక్షణ కోసం 2003లో చేసిన ఎస్‌సీఆర్‌ఏ అనే చట్టం ప్రకారం, బదిలీ ఉత్తర్వులు గానీ, 90 రోజులకు తగ్గని డిప్లాయ్‌మెంట్ (వేరే చోటికి డ్యూటీ మీద పంపడం) ఉత్తర్వులు గానీ వస్తే సైనికుడు లీజు రద్దు చేసుకోవచ్చు. రాతపూర్వకంగా నోటీసు, దానితో ఉత్తర్వుల కాపీ ఇవ్వాలి. నెలవారీ అద్దె అయితే, నోటీసు తర్వాత వచ్చే అద్దె తేదీ నుంచి 30 రోజులకు లీజు ముగుస్తుంది. ముందే వెళ్తున్నందుకు జరిమానా వేయకూడదు. భార్య పేరు లీజులో ఉన్నా ఆమెకూ విముక్తే.

ఆ నోటీసు ఇవ్వడానికి లీజింగ్ ఆఫీసుకు నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసు గోడ మీద "మీ సేవకు ధన్యవాదాలు" అని సైనికులకు పెద్ద బ్యానర్. దాని కిందే కూర్చున్న మేనేజరు నోటీసు చదివి లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చి "సరే, చూస్తాం" అంది. చూడడం కాదు, అందినట్టు తేదీ వేసి సంతకం పెట్టండి అన్నాను. పెట్టింది. జరిమానా ఊసు మళ్ళీ రాలేదు. ఆ చట్టం ఆవిడకు ముందే తెలుసని నేను ప్రమాణం చేసి చెప్పగలను. బేస్ పక్కన ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకు తెలియకుండా ఎలా ఉంటుంది? అడగనివాళ్ళ దగ్గర వసూలు చేసుకోవడమే వాళ్ళ పద్ధతి. గేటు బయట వరసగా తాకట్టు దుకాణాలు, అప్పులిచ్చే కొట్లు కూడా ఈ కుర్ర సైనికుల మీదే బతుకుతాయి. సైనికులకిచ్చే అప్పుల మీద వడ్డీ 36 శాతం దాటకూడదని 2006లో చట్టమే చేయాల్సి వచ్చింది.

మీరు విద్యార్థి కాబట్టి ఎస్‌సీఆర్‌ఏ మీకు వర్తించదు. కానీ టెక్సస్ చట్టంలో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. మీరు మధ్యలో వెళ్ళిపోతే, ఓనరు ఖాళీ ఇల్లు అట్టే పెట్టుకుని మిగతా నెలల అద్దె మొత్తం మీ నెత్తిన వేయడానికి లేదు, ఇంకొకరికి ఇచ్చే ప్రయత్నం చేయాలి. ఆ బాధ్యత తనకు లేదని లీజులో రాసుకున్నా చెల్లదు. రెండోది డిపాజిట్. ఖాళీ చేశాక 30 రోజుల్లో ఇచ్చేయాలి, ఏమైనా తగ్గిస్తే ఎందుకో రాసి ఇవ్వాలి. అయితే మీ కొత్త అడ్రసు మీరు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. తాళాలు అప్పగించే రోజునే ఆ కాగితం ఇచ్చి, ఫోటో తీసి పెట్టుకోండి.