వాన కన్నా ముందు ఏం జరిగింది?

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు మీ కుటుంబం కొండెక్కిన రోజు గురించి రాసి పంపిన కథ అందాయి. భాష బాగుంది, సాఫీగా చదివించావు. ఇక మెచ్చుకోళ్లు చాలు. నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటుంది. అది చెప్పకుండా వేరే మాట రాయలేను.

నలుగురు మనుషులు, వీపున బ్యాగులు, ఎక్కుడు దారి, కుండపోత వాన. సరిగ్గా అక్కడ నువ్వు ‘ప్రకృతి మా మీద పగబట్టింది’ అని రాశావు. ప్రకృతికి పగ లేదు తల్లీ. మీ కుటుంబం ఆ కొండ మీద ఉన్నట్టే దానికి తెలియదు. పొద్దున్నుంచీ కాసిన ఎండకి కొండవాలు వేడెక్కుతుంది, ఆ వేడి గాలి పైకి లేచి చల్లబడి మబ్బు కడుతుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి. కొండలు బాగా ఎక్కినవాళ్లు చీకటితోనే లేచి, మధ్యాహ్నం లోపే ఎత్తైన చోట్లనుంచి దిగిపోవాలని చూసేది ఇందుకే. మీరు బయలుదేరింది పదకొండింటికి. ఆ సంగతి నువ్వే రాశావు, మొదటి పేజీలో, ఒక్క వాక్యంలో. దాని వెనకే మీ అమ్మ ‘పోనీ, రేపు పొద్దున్నే వెళ్దామా?’ అంటుంది. ఎవరూ జవాబు చెప్పరు. నువ్వు వెంటనే పచ్చికబయళ్ల వర్ణనలోకి వెళ్లిపోయావు.

అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ ప్రశ్న, దానికి ఎవరూ చెప్పని జవాబు, నీ కథంతా అందులో ఉంది. వానలో లేదు.

నమ్మకం కుదరకపోతే లెక్క వేసి చూడు. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. మూడు మైళ్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకూ ఇంకో గంట. ఇప్పుడు దాన్ని ఐదు కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తుకు గంట అని వాడుతున్నారు. నీ కథలో దూరం 12 కిలోమీటర్లు, ఎక్కిన ఎత్తు 900 మీటర్లు. అంటే దాదాపు నాలుగు గంటలు. అది కూడా ఒంట్లో సత్తువ ఉన్న పెద్దవాళ్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే! తొమ్మిదేళ్ల పిల్లవాడున్నాడు, మోకాలి నొప్పితో అమ్మ ఉంది, అందరి వీపునా బరువులున్నాయి. ఏడు గంటలకు తక్కువ పట్టదు. పదకొండుకి ఏడు కలుపు. వాన చినుకు పడకపోయినా మీకు దారిలోనే పొద్దుగుంకేది. చీకట్లో టెంట్ వేసుకోవాల్సి వస్తుందన్నది అప్పుడే ఖాయమైపోయింది, ఆ జవాబు లేని నిమిషంలోనే.

నా దగ్గరికి కథలు తెచ్చేవాళ్లందరికీ ఏళ్ల తరబడి ఇదే చెబుతున్నాను, విసుక్కున్నా చెబుతూనే ఉంటాను. అనుకోనిది జరిగిన కథ రాసేవాళ్లు ముందు క్రమం పట్టుకోవాలి. ఏది ముందు, ఏది తర్వాత, అప్పుడు టైమెంత, ఎవరు ఏమన్నారు, ఎవరు విననట్టు ఊరుకున్నారు. దుఃఖం గురించి, భయం గురించి నువ్వు బెంగపడక్కర్లేదు, క్రమం సరిగ్గా ఉంటే అవి వాటంతట అవే వస్తాయి. క్రమం చెదిరిందా, మనుషులే మారిపోతారు. ముందే హెచ్చరించినామె చాదస్తపు మనిషిగా మిగులుతుంది.

నీ కథలో అదే జరిగింది. మీ తమ్ముడి దగ్గరికొద్దాం. వాడు తడిసిన కాటన్ చొక్కాతో వణుకుతున్నాడు. జాకెట్ బొత్తాలు పెట్టుకోలేకపోతున్నాడు, నువ్వు నవ్వావు. మాట ముద్దముద్దగా వస్తోంది, నిద్రొస్తోందేమో అనుకున్నావు. ఆ తర్వాత ‘కాసేపటికి వణుకు తగ్గి కుదుటపడ్డాడు’ అని రాశావు. దాని కింది పేరాలో అమ్మ కేకలేసి, వాడి తడిబట్టలు విప్పి, పొడివి తొడిగి, తన స్లీపింగ్ బ్యాగ్‌లోకి లాక్కుంది. నువ్వు దాన్ని అమ్మ హడావుడి కింద రాశావు.

అమ్మాయీ, నిజంగా ఈ వరసలోనే జరిగిందా? జరిగుంటే నీ తమ్ముడు కుదుటపడలేదు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు పుడుతుంది, వేళ్లు మాట వినవు, నాలుక తడబడుతుంది. వేడి ఇంకా పడిపోయి 32 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఒంటికి వణికే శక్తి కూడా పోతుంది. తడిబట్టల్లోనే ఉన్న పిల్లవాడికి వణుకు ఆగిందంటే అది చాలా చెడ్డ సూచన. దీనికి మంచు పడక్కర్లేదు, తడి కాటన్ బట్ట, ఈదురుగాలి చాలు. అలా కాకుండా, అమ్మ పొడిబట్టలు తొడిగాక వణుకు ఆగిందనుకో, అప్పుడు అది వేడెక్కడం వల్ల ఆగినట్టు. ఈ రెండు వాక్యాల్లో ఏది ముందో తేలితే తప్ప ఆ రాత్రి మీ టెంట్‌లో జరిగింది అమ్మ హడావుడో, ఒక ప్రాణం నిలబెట్టడమో పాఠకుడికి తెలియదు. రాసిన నీకూ తెలియదు.

స్టవ్ సంగతీ అంతే. ‘స్టవ్ మొరాయించింది’ అన్నావు. పొద్దున ఎండ తగిలాక అదే స్టవ్ వెలిగితే వింత అని రాశావు. అందులో వింత లేదు. చిన్న గ్యాస్ డబ్బాలో ఎక్కువగా బ్యూటేన్ ఉంటే, అది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. చలిలో సరిగ్గా ఆవిరి కాదు. మండుతున్నంతసేపూ లోపలి ద్రవం ఆవిరవుతూ డబ్బాని ఇంకా చల్లబరుస్తుంది, మంట సన్నగిల్లి ఆరిపోతుంది. చలి ప్రదేశాలకి, చలిలోనూ ఆవిరయ్యే ప్రొపేన్, ఐసోబ్యూటేన్ వాయువులు కలిపిన డబ్బాలు తీసుకెళ్లేది అందుకే. ఇదంతా కథలో కూరమని అనడంలేదు. నువ్వు తెలుసుకుని రాస్తే మీ నాన్న గీసిన అగ్గిపుల్లలన్నీ వేరేగా కనిపిస్తాయి. ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చిన మనిషి, కారణం అర్థంకాక, వాళ్ల ముందు చేతులు వణుకుతూ మళ్లీ మళ్లీ గీస్తున్నాడు. ఆయన మొహం నువ్వు చూడలేదా? చూసే ఉంటావు. కథలో మాత్రం రాయలేదు. స్టవ్‌ని టెంట్ లోపలికి తెస్తానని నాన్న అంటే అమ్మ వద్దని పోట్లాడింది, దాన్ని వాళ్ల రోజువారీ గొడవలాగా రాశావు. మూసిన టెంట్‌లో స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే మనుషులు పోతారు. అమ్మ అన్నది మళ్లీ నిజం.

బరువుల గురించి కూడా అడగాలి. ‘బరువైన బ్యాగులు’ అంటే ఎన్ని కిలోలు? పిల్లవాడి బ్యాగ్ వాడి ఒంటి బరువులో పదోవంతు ఉంటే చాలు, 15 శాతం దాటకూడదంటారు. 28 కిలోల పిల్లవాడికి మూడు, మహా అయితే నాలుగు కిలోలు. మీ వాడు ఎంత మోశాడు? వాడు అలిసిపోయాక ఆ బ్యాగ్ ఎవరి మీదకి వెళ్లింది? ఎవరి బ్యాగ్‌లో ఏముందో చెబితే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో చెప్పినట్టే.

ఈ మాట ఎత్తితే నాకు పాత మంట రేగుతుంది. మా అబ్బాయి చిన్నప్పుడు మేమూ ఇలాంటి ప్రయాణం చేశాం. వాడు దారిలో కూలబడిపోయాడు. ఇంటికొచ్చాక, పిల్లలు నిద్రపోయిన తర్వాత, రాత్రుళ్లు కూర్చుని ఆ కథ రాశాను. ఎవరి బ్యాగ్ ఎంత, ఏ మలుపులో ఎన్ని గంటలైంది, అన్నీ పెట్టాను. ఒక పత్రిక తీసుకుంది. అచ్చయ్యాక చూస్తే అంకె అన్నది లేదు. ‘లెక్కలు ఆడవాళ్ల కథకి నప్పవు, పాఠకులకి విసుగు’ అన్నాడు ఆ ఎడిటర్. చివర రెండు వాక్యాలు ఆయనే కలిపాడు, కొండల గొప్పతనం గురించి. నా పేరు కింద నేను రాయని మాటలు! మా వాడు ఎందుకు కూలబడ్డాడో ఆ కథ చదివిన ఒక్కరికీ తెలియలేదు. మళ్లీ ఆ పత్రికకి పంపలేదు. దానివల్ల చాలాకాలం నా రచనలు ఎక్కడా రాలేదు, అయినా పంపలేదు. ఆయన మీద కోపం ఇప్పటికీ ఉంది, ఉండాల్సిందే అనుకుంటాను.

ఇప్పుడైతే పోటీలవాళ్లు ఇంకో పద్ధతి పట్టుకున్నారు. ప్రయాణం కథ అంటే చివర నేర్చుకున్న పాఠం ఉండాలి, కుటుంబం దగ్గరవ్వాలి, అందరూ కౌగిలించుకోవాలి. నీ చివరి పేరా ఆ పోటీల కోసం రాసినట్టుంది. ‘ప్రకృతి ముందు మనిషి ఎంత’ అని ముగించావు. కొట్టెయ్. పొద్దున్నే బ్యాగులు సర్దుకుంటూ మీ నాన్న అమ్మతో ఏమన్నాడు? ఏమీ అనలేదా? ఏది జరిగితే అది రాయి.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. ముందు కథ కానీ.

ఇలా చెయ్. ఒక తెల్ల కాగితం తీసుకుని ఎడమవైపు టైములు రాసుకో, పొద్దున ఆరునుంచి మర్నాడు దిగొచ్చేదాకా. తెలిసినవి నింపు, తెలియనివి ఖాళీగా వదిలెయ్, ఊహించి పూడ్చకు. తర్వాత అమ్మనీ, నాన్ననీ, తమ్ముణ్ణీ అడుగు, ముగ్గుర్నీ విడివిడిగా. కలిపి అడిగితే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల కథే నిలుస్తుంది. ముగ్గురి టైములూ కలవకపోతే కంగారుపడకు, కలవని చోట్లు గుర్తుపెట్టుకో. ఆ పదకొండు గంటల దగ్గర మాత్రం అమ్మనే ఎక్కువసేపు అడుగు. అది రాసి, ఆ కాగితంతో సహా కథ మళ్లీ పంపు. పక్కన మార్జిన్ బాగా వదులు, నేను రాయాల్సింది చాలా ఉంటుంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ లాంటి పాఠకురాలు