రాగులు కొను, రాగి బిస్కెట్లు కాదు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, అత్త దీవించి రాసేది.

తిరుపతి బైరాగిపట్టెడలో ఇల్లు బాగా కుదిరిందని, నెల సగం కాకముందే సరుకుల డబ్బులు అయిపోతున్నాయని మీ అమ్మ చెప్పింది. ఒంటికి మంచివి తినాలంటే ఖర్చు ఎక్కువ కదత్తా అని నువ్వూ ఫోన్లో అన్నావు. ఆ మాట నన్ను వదల్లేదు. డబ్బులు పోయేది మంచి తిండికి కాదు పాపా, ప్యాకెట్లకి.

ఆ పొరపాటు నేనూ చేశాను. మీ మామకు షుగర్ అని తెలిసిన కొత్తలో టెన్షన్ పడి, రాగి కంకి బొమ్మ ఉన్న బిస్కెట్లు నెలంతా తెచ్చిపెట్టాను. ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని వెనకాల చిన్న అక్షరాలు చదివితే మొదట మైదా, తర్వాత చక్కెర, రాగిపిండి ఎక్కడో కింద. ఏది ఎక్కువ బరువు వేస్తే దాని పేరే ముందు రాయాలని రూలు. ఏ డబ్బా తీసినా బొమ్మ చూడొద్దు, వెనక మొదటి మూడు పేర్లు చదువు.

ఆ డబ్బుకి రాగులే వస్తాయి. రెండు కిలోలు తెచ్చి, చెరిగి, రాళ్లు పోయేలా గాలించి, మిద్దె మీద పాత చీర పరిచి ఎండబెట్టు. గింజ పంటి కింద పటుక్కుమంటే ఎండినట్టు. అప్పుడు పిండిమరకు పంపు. నెలకు సరిపడా మాత్రమే ఆడించు, ఎక్కువైతే పురుగు పడుతుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, ఒక గ్లాసు పాలకు తక్కువేం కాదు. రోజూ సంగటి కెలికే ఓపిక లేకపోతే పొద్దున అంబలి కాచుకో. మీ మామకు మాత్రం అది కూడా కొలతే.

కందిబేడల ధర మండిపోతుంటే వారానికి రెండు రోజులు ఉలవలు, అలసందలు పెట్టు. చెనక్కాయలు మన జిల్లా పంట, విత్తనాల బరువులో నాలుగో వంతు దాకా ప్రొటీనే. కానీ కొనేటప్పుడు గుప్పెడు అరచేతిలో పోసుకుని చూడు. బూజు పట్టినవి, నల్లబడి ముడుచుకుపోయినవి కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. ఆ బూజులో కాలేయాన్ని పాడుచేసే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు. కోడిగుడ్లు సరేసరి.

కూరగాయలకు రైతు బజారుకే వెళ్ళు. 1999లో అవి మొదలైంది రైతు నేరుగా అమ్ముకోవాలనే. గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది, ఫోన్లో ఫోటో తీసుకుని లోపలికి పో. ఆకుకూర పొద్దున్నే కొను. కట్టను విప్పి మధ్యలో చూడు, పైన తాజాగా ఉండి లోపల కుళ్ళిన కట్టలు నాకు ఎన్ని అంటగట్టారో. సిర్రాకు, మునగాకు, చెంచలాకు ఏది దొరికినా మంచిదే. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకో, ఆకులోని ఐరన్ ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం మాను, అది ఐరన్‌ని అడ్డుకుంటుంది.

టమోటా లేనిదే కూర లేదనుకోవద్దు. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు మా ఇంట్లో నెలంతా చింతపండుతోనే గడిచింది, ఎవరూ అన్నం దగ్గర ముఖం తిప్పుకోలేదు. అలాగని మదనపల్లి టమోటా పది రూపాయలకు దిగితే నాలుగు కిలోలు మోసుకురావద్దు. ఇద్దరే మనుషులు. పారేసిన రెండు కిలోలు లెక్కేస్తే కొన్న ధర రెట్టింపు.

నూనె లీటరున్నర దాటనివ్వకు, మీ ఇద్దరికీ నెలకు అది చాలు.

మార్గశిరంలో అనపకాయలు వస్తాయి, అప్పుడు నేనూ వస్తాను. రాత్రి గింజలు నానబోసి పొద్దున్నే ఇద్దరం కూర్చుని పితుకుదాం. నీ వేళ్ళకు అలవాటు లేదు, మొదట్లో పప్పు ఎగిరి అవతల పడుతుంది, నేను నేర్పిస్తా. ఈలోపు వచ్చే నెల సరుకుల చీటీ రాసి ఫోటో పంపు. కొన్నాక కాదు, కొనకముందే.

మీ అత్త