ఆ ఎర్ర బీరు చెడిపోలేదు అల్లుడూ

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ ఈ ఉత్తరం రాయాలనే ఉంది. లూవెన్‌లో క్లాస్‌మేట్స్‌తో కలిసి ఎర్ర బీరేదో తాగితే పుల్లగా ఉందని, చెడిపోయిందేమోనని సగంలో వదిలేశానన్నావు. అది చెడిపోలేదురా. ఆ పులుపు కోసం వాళ్ళు ఏడాదిన్నర, రెండేళ్ళు ఓపిక పడతారు.

బెల్జియం వచ్చి గెంట్‌లో దిగిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. చల్లటి లైట్ బీరు గటగటా తాగే అలవాటుతో ఒక్క గుక్కలో సగం సీసా లాగించేశాను. గొంతులో వెనిగర్ పోసినట్టయింది. కౌంటర్ దగ్గరికెళ్ళి ఇది పాడైపోయిందని చెప్పాను. అక్కడి పెద్దాయన మారుమాట లేకుండా ఇంకో సీసా తెరిచి, కాడ ఉన్న గ్లాసులో పోసి, దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు కూర్చోమని సైగ చేశాడు. పది నిమిషాల తర్వాత తాగితే అదే బీరు అంటే నమ్మబుద్ధి కాలేదు. అందుకే నీకు మొట్టమొదట చెప్పేది చల్లదనం సంగతి. ఫ్రిజ్‌లోంచి తీశాక ఓ అరగంట బయట ఉంచు. పది, పన్నెండు డిగ్రీలకి వస్తే చాలు. మరీ చల్లగా ఉంటే తీపి, వాసన రెండూ అణిగిపోయి పులుపొక్కటే నాలుకకి తగులుతుంది.

రెండోది, మొదటి గుక్కని నమ్మకు. నోరు ఆ పులుపుకి అలవాటు పడాలి. చిన్న గుక్క తీసుకుని నాలుకంతా తడిసేలా ఒక్క క్షణం ఆపి మింగు. మూడో గుక్కకి పులుపు వెనక్కి జరిగి మాల్ట్ ముందుకొస్తుంది. నువ్వు వెతకాల్సింది దాన్నే. మాల్ట్ మనకి కొత్తేమీ కాదు. మీ అమ్మ రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పొడి కొట్టేటప్పుడు ఇల్లంతా కమ్మటి వాసన వచ్చేది, గుర్తుందా? ఇక్కడ బార్లీని మొలకెత్తించి వేడి గాలికి ఆరబెడతారు. వేడి పెంచేకొద్దీ రంగు ముదురుతుంది, రొట్టె పైపెచ్చు రుచి, కాస్త ముదురు పాకం రుచి వస్తాయి. ఆ ఎరుపు చాలావరకు ఆ మాల్ట్ నుంచే. దానిమీద ఎండు చెర్రీ, రేగుపండు లాంటి వాసన పులియడంలో పుడుతుంది, పండేమీ వెయ్యకుండానే. బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వులు తక్కువ కాబట్టి చేదు పెద్దగా తెలియదు.

ఇక పులుపులో కూడా రెండు రకాలుంటాయి, విడదీసి చూడు. ఒకటి పెరుగు పులుపు, మెత్తగా ఉంటుంది. పాలని తోడుపెట్టే జాతి బ్యాక్టీరియా పనే అది. రెండోది ముక్కుకి తగిలే వెనిగర్ పులుపు. పులుసులో బెల్లం ముక్క వేస్తే చింతపండు ఎలా సర్దుకుంటుందో, ఇందులో మాల్ట్ తీపి ఆ రెండింటినీ అలా సర్దుతుంది. పులుసు తిని పెరిగినవాడివి, ఇది నీకు ఇక్కడివాళ్ళకంటే తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. చివర్లో నాలుక పక్కల కొంచెం వగరు తగులుతుంది, అది ఓక్ చెక్కది. నెయిల్ పాలిష్ వాసన గుప్పుమంటే మాత్రం ఆ సీసా పక్కన పెట్టెయ్, అది నిజంగానే లోపం.

ఆ చెక్క సంగతి తెలియాలంటే పశ్చిమ ఫ్లాండర్స్‌లోని రూసెలారె వెళ్ళాలి. అక్కడ 1821లో రోడెన్‌బాక్ అన్నదమ్ములు మొదలుపెట్టిన బ్రూవరీ ఉంది. ఇంటి కప్పంత ఎత్తు ఓక్ పీపాలు, వాటిని ఫూడర్లంటారు, మొత్తం 294. కొన్నిటికి నూరేళ్ళు దాటాయి. ఆ చెక్కలో సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి, సందుల్లోంచి గాలి చాలా కొద్దిగా లోపలికి వెళుతుంది. ఏ రెండు పీపాల రుచీ ఒకటి కాదు, అందుకే చివర్లో కలిపేవాడి నాలుకే కీలకం. మామూలు రోడెన్‌బాక్‌లో మూడొంతులు కొత్త బీరు, ఒక వంతు రెండేళ్ళు నిలవున్నది. వాళ్ళదే గ్రాండ్ క్రూ అని ఇంకో బీరుంది, అందులో పాతదే ఎక్కువ, కాబట్టి పులుపూ ఎక్కువ.

నువ్వు మాత్రం దాంతో మొదలుపెట్టకు. విఖ్తె ఊళ్ళో వెర్‌హాగె కుటుంబం చేసే డుషెస్ ద బుర్గోన్ తీసుకో. ఎనిమిది నెలల బీరు, పద్దెనిమిది నెలల బీరు కలిపి చేస్తారు. మాల్ట్ తీపి నిండుగా ఉంటుంది. లేబుల్ మీద ఉన్నావిడ బుర్గుండీని ఏలిన డచెస్ మేరీ. 1482లో గుర్రం మీంచి పడిన దెబ్బలతో పాతికేళ్ళకే పోయింది. బ్రూజ్ వెళ్ళినప్పుడు అవర్ లేడీ చర్చిలో ఆమె సమాధి చూడు, నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. డుషెస్‌లో ఆల్కహాల్ 6.2 శాతం. తియ్యగా ఉంది కదా అని రెండో సీసా తెరవకు. ఆ రోజు సైకిల్ కూడా వద్దు, బస్సెక్కు.

మిర్చి బజ్జీ, ఆవకాయ లాంటివి దీని పక్కన పెట్టకు. కారానికి ఈ పులుపూ గ్యాసూ తోడైతే నోరు మండడం తప్ప రుచి తెలియదు. ఇక్కడి బీఫ్ స్టూ గానీ, చిన్న బూడిదరంగు రొయ్యలు కూరి నూనెలో వేయించే క్రోకెట్లు గానీ బాగుంటాయి. అవి దొరక్కపోతే మామూలు బ్రెడ్డు, చీజ్ ముక్క చాలు. మధ్యమధ్యలో నీళ్ళు తాగు.

ఇంత చెప్పినా నీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఫ్రెండ్స్ కోసం మొహమాటపడి తాగకు. వచ్చే శనివారం గెంట్ వచ్చెయ్. పెద్ద డుషెస్ సీసా ఒకటి ఉంది, ఇద్దరికీ సరిపోతుంది. నువ్వు రైలెక్కగానే మెసేజ్ పెట్టు, అప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి టేబుల్ మీద పెడతాను.

మీ మామయ్య