గ్యారెత్ బ్యారీ 653 మ్యాచ్‌లు అంటే అతని కెరీర్ మొత్తమా?

కాదు, 653 అన్నది ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల లెక్క మాత్రమే. ఈ ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ మొత్తంగా ఆడినవి అంతకంటే చాలా ఎక్కువ.

1998 మేలో ఆస్టన్ విల్లా తరఫున మొదలుపెట్టి, అక్కడ 365, మాంచెస్టర్ సిటీకి 132, ఎవర్టన్‌కి 131, వెస్ట్ బ్రామ్‌కి 25 ఆడాడు. కూడితే సరిగ్గా 653. సబ్‌స్టిట్యూట్‌గా ఒక్క నిమిషం దిగినా లెక్కలోకి వస్తుంది, బెంచీ మీదే కూర్చుంటే రాదు. ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్, యూరప్ పోటీలు, ఇంగ్లండ్ జట్టుకి ఆడిన 53 మ్యాచ్‌లు వేరే ఖాతా. సిటీతో గెలిచిన 2011 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ కూడా ఇందులో లేదు. 2018లో వెస్ట్ బ్రామ్ కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ తర్వాత అక్కడ ఆడినవీ చేరవు.

చాలామంది పొరపడేది ర్యాన్ గిగ్స్ దగ్గర. మాంచెస్టర్ యునైటెడ్‌కి గిగ్స్ 963 మ్యాచ్‌లు ఆడాడు కదా, 2017 సెప్టెంబరులో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల రికార్డులో బ్యారీ అతన్ని ఎలా దాటాడని అడుగుతారు. ఆ 963 అన్ని పోటీలూ కలిపి. అందులో లీగ్ మ్యాచ్‌లు 672. ప్రీమియర్ లీగ్ పుట్టిందే 1992లో కాబట్టి, అంతకుముందు పాత ఫస్ట్ డివిజన్‌లో ఆడిన 40 తీసేస్తే మిగిలేది 632. ఆ సెప్టెంబరులో ఆర్సెనల్‌పై బ్యారీ ఆడినది అతని 633వ ప్రీమియర్ లీగ్ మ్యాచ్. అన్ని పోటీలు కలిపిన అంకెను ఒక్క లీగ్ అంకెతో పోల్చడం వల్లే ఈ గందరగోళమంతా.