ఇంగ్లిష్ ప్రకటనల్లో చమత్కారం అందడం లేదా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. యాడ్ ఏజెన్సీలో ప్రకటనలకు మాటలు రాసే కాపీరైటర్ కావాలనుంది. ఇంగ్లిష్ ప్రకటనల్లో పదాలన్నీ తెలిసినవే అయినా చమత్కారం అందడం లేదు. నేను పనికొస్తానా?

జవాబు: తప్పకుండా పనికొస్తారు. మీకు కావాల్సింది ఇంగ్లిష్ నుడికారంతో చనువు. అందుకు ఒక్కో ప్రకటనను ముందు పెట్టుకుని విప్పి చూడాలి.

1960లో అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు డాయిల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ చేసిన ప్రకటన చూడండి. కారు బొమ్మ, కింద ఒకే మాట: 'లెమన్'. కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే మనకు ముందు దిష్టే గుర్తొస్తుంది. అమెరికా వాడుకలో లెమన్ అంటే కొన్ననాటి నుంచీ మొరాయించే బండి. తన సరుకును తనే డొక్కు అనే కంపెనీ ఉంటుందా? ఆ ఆశ్చర్యమే పాఠకుడి చేత మిగతాది చదివిస్తుంది. ఈ కారు 'మిస్డ్ ద బోట్' అని మొదలవుతుంది. అవకాశం చేజారిందని దాని వాడుక అర్థం. జర్మనీ నుంచి కార్లు వచ్చేది ఓడల్లో కాబట్టి, నిజంగానే ఓడ ఎక్కలేకపోయిందని కూడా. కారణం, గ్లవ్ బాక్స్ మీది క్రోమ్ పట్టీకి చిన్న మచ్చ. వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో తనిఖీకే 3,389 మంది ఉన్నారని చెప్పి, 'వి ప్లక్ ద లెమన్స్. యు గెట్ ద ప్లమ్స్' అని ముగిస్తుంది. ప్లమ్ పండే, కానీ వాడుకలో మేలిరకం అని.

దీన్ని తెలుగులో రాయమన్నారనుకోండి. నిమ్మకాయలు, పండ్లు అని దించేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మనకు చేట ఉంది కదా: 'తాలు మేం చెరిగేస్తాం, గట్టి గింజలే మీకు.' నాకు తోచింది ఇది, మీకు ఇంకా మంచిది తోచవచ్చు. జాతీయ బ్రాండ్ల ప్రకటనలు చాలావరకు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో పుట్టి మన దగ్గరికొస్తాయి. వాటికి తెలుగు ప్రాణం పోసే పనిలో మీ తెలుగు మీడియం చదువే మీ బలం. దాన్ని లోటనుకుని ఇన్నాళ్లూ కుంగారేమోనని నాకు బాధగా ఉంది.

వారానికి రెండు ప్రకటనలు చాలు. బొమ్మకు మామూలు అర్థంలో అతకని మాటను పట్టుకుని కేంబ్రిడ్జ్ లేదా ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలో వెతకండి. ఆన్‌లైన్‌లో ఉచితమే. తర్వాత మూడు రకాలుగా తెలుగులో రాయండి.

పైచదువుకు ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్), అహ్మదాబాద్‌లో మైకా అనే కమ్యూనికేషన్ విద్యాసంస్థ ఉన్నాయి. కోర్సు చేసినా చేయకపోయినా కాపీరైటర్‌ని ఏజెన్సీలు అడిగేది పోర్ట్‌ఫోలియో, అంటే రాసినవాటిలో మంచివి ఏర్చి కూర్చిన సంకలనం. ఆరు నెలల తర్వాత మీరు రాసినవాటిలో మెరుగైన పదిహేను ఏరండి. ఒక్కోదాని పక్కన అసలు ఇంగ్లిష్ వాక్యాన్ని పెట్టి, ఆ తెలుగు మాటనే ఎందుకు ఎంచుకున్నారో రెండు ముక్కల్లో రాయండి.